రాత్రి మిషన్ డయాలసిస్: మిషన్ కంటే ముందు ఇల్లు సిద్ధం కావాలి

ఇంట్లోనే పొట్ట డయాలసిస్ చేతితో చేసుకునేవాళ్లు సాధారణంగా రోజుకు నాలుగుసార్లు బ్యాగు మార్చాలి. ఒక్కోసారి అరగంట పైనే పడుతుంది. ధర్మవరంలో మగ్గం మీద కూర్చునేవాళ్లకు, పెనుకొండ దగ్గరి కంపెనీల్లో షిఫ్టులకు వెళ్లేవాళ్లకు, హిందూపురం బజారులో అంగడి నడిపేవాళ్లకు పగలు ఇలా ముక్కలైపోవడమే పెద్ద బాధ. అదే పని నిద్రలో ఎనిమిది నుంచి పది గంటలు సైక్లర్ మిషన్‌కు అప్పజెబితే పగలు మనది అవుతుంది. కాకపోతే చేతి పద్ధతికి ఒక కొక్కెం, శుభ్రమైన మూల ఉంటే చాలు. మిషన్‌కు కరెంటు కావాలి, మంచం పక్కన చోటు కావాలి, వాడిన నీళ్లు పోయే దారి కావాలి. డాక్టరు సరేనన్నాక ఇంట్లో చూసుకోవాల్సినవి ఇవి.

1. పక్కింటాయన మారాడని మీరు మారొద్దు. పొట్టలోని పొర అందరికీ ఒకేలా పనిచేయదు. దాన్ని తేల్చడానికి పెట్ అనే పరీక్ష ఉంది. కొందరి పొర బ్యాగులోని చక్కెరను తొందరగా పీల్చేసుకుంటుంది, అందువల్ల ఎక్కువసేపు ఉంచితే నీరు దిగదు. రాత్రిపూట తక్కువ వ్యవధి మార్పిళ్లు వాళ్లకు బాగా సరిపోతాయి. పొర నిదానంగా ఉండి, మూత్రం కూడా ఆగిపోయినవాళ్లకు రాత్రి ఒక్కటే చాలకపోవచ్చు, పగలూ ఒక బ్యాగు పొట్టలో ఉంచుకోవాల్సి వస్తుంది. నైట్ షిఫ్టు ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. పగలు నిద్రపోయే వేళకు మిషన్ పెట్టుకోవచ్చేమో డాక్టరు చూస్తారు.

2. అన్నిటికంటే పెద్ద పని కరెంటుది. మిషన్ పెట్టే గదిలో ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ ఉండాలి. పాత మిద్దెల్లో సాకెట్‌కు మూడు రంధ్రాలు ఉంటాయి గానీ ఎర్త్ వైరు ఉండదు, ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఫ్రిజ్‌తో, కూలర్‌తో కలిపి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపొద్దు. ఇన్వర్టర్ కొంటే ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకోండి. మిషన్‌లో నీళ్లు వేడిచేసే పలక కూడా ఉంటుంది కాబట్టి ఫ్యాను, లైటు లెక్కన బ్యాటరీ ఎంచుకుంటే చాలదు. మిషన్ మీద రాసిన వాట్లు చూపించి అడగండి. కరెంటు పోతే ఆ రాత్రి చికిత్సను మిషన్ ఎంతసేపు గుర్తుపెట్టుకుంటుందో శిక్షణ రోజునే తెలుసుకోండి, కంపెనీని బట్టి అది మారుతుంది. ఆ గడువు దాటిపోతే శుభ్రంగా చేతులు కడుక్కుని, గొట్టం విప్పి, కొత్త మూత పెట్టి, చేతి పద్ధతిలో బ్యాగు మార్చుకోవాలి. అందుకే రెండు లీటర్ల బ్యాగులు, మూతలు కొన్ని ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. చేతి పద్ధతి అలవాటు తప్పనివ్వొద్దు. కరెంటు ఫిర్యాదులకు 1912 నంబరు ఉంది. దానితో సరిపెట్టుకోకుండా, ఇంట్లో ప్రాణాధార మిషన్ ఉందని మీ సబ్‌స్టేషన్‌లో కాగితం రాసివ్వండి.

3. మన ఇళ్లలో చాప మీద పడుకునేవాళ్లు ఎక్కువ. మిషన్ బల్ల మీద, మనిషి నేల మీద ఉంటే ఎత్తు తేడాకు నీళ్లు సరిగా దిగక రాత్రంతా అలారం మోగొచ్చు. మిషన్, పడక దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. మంచం వేసుకోండి, లేదంటే పొట్టి బల్ల చేయించండి.

4. మగ్గం ఉన్న గదిలో మిషన్ వద్దు. పట్టు నూగు, దుమ్ము గాల్లో ఉంటాయి. వేరే గది లేకపోతే మగ్గం పని ఆపి, తడిగుడ్డతో తుడిచి, దుమ్ము అణిగాకే గొట్టాలు కలపండి. కలిపేటప్పుడూ విప్పేటప్పుడూ కిటికీ, తలుపు మూసి, ఫ్యాను, కూలర్ ఆపి, మాస్కు పెట్టుకోవాలి. మిషన్ ఉంది కదా అని ఈ నియమాల్లో ఒక్కటీ సడలదు. పిల్లి, కుక్క ఆ గదిలోకి రాకూడదు. గొట్టం మెత్తగా కనబడితే పిల్లి కొరుకుతుంది.

5. వాడిన నీళ్లు పెద్ద డ్రెయిన్ బ్యాగులోకి పోవచ్చు, లేదా పొడుగు గొట్టంతో బాత్‌రూమ్‌కు పోవచ్చు. గొట్టం కొస నీళ్లలో మునగకూడదు. బాత్‌రూమ్ పెరట్లో ఉన్న ఇళ్లకు బ్యాగే మేలు. మనిషికి తగిలించే గొట్టం పొడవు కూడా ముందే కొలుచుకోండి. రాత్రి మూత్రానికి లేవాల్సి వస్తుంది, మంచం పక్కన పాన్ పెట్టుకోవడంలో సిగ్గేమీ లేదు.

6. రాత్రికి అయిదు లీటర్ల బ్యాగులు రెండు వాడితే నెలకు అరవై. అంటే మూడు వందల కిలోల సరుకు. రేకుల గదిలో పెట్టొద్దు, మన ఎండలకు అది పొయ్యే. నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా, ఎలుకలు చేరని చోట పేర్చండి. గడువు ముందుగా ముగిసేవి పైన ఉండాలి. చేతి మార్పిడికి బ్యాగును వేడినీళ్లలో ముంచి వెచ్చచేయడం తప్పు, మూత సందుల్లోకి నీళ్లు చేరితే ఇన్ఫెక్షనే. ఎండలో పెట్టడమూ వద్దు, ఎంత వేడెక్కిందో తెలియదు. శిక్షణలో చెప్పిన హీటింగ్ ప్యాడే వాడండి.

7. అలారం మోగితే ముందు గొట్టం మడత పడిందేమో, ఒంటి కింద నలిగిందేమో చూడండి. రోజూ మోగుతుంటే విరేచనం సాఫీగా అవుతోందా అని అడగాలి. పేగు నిండి ఉంటే పొట్టలో అమర్చిన గొట్టం, అంటే క్యాథెటర్‌కు దారి ఉండదు. దీనికి మందు డాక్టరు ఇస్తారు, కొట్టులో కొన్న చూర్ణాలు వద్దు.

8. పొట్టలోని పాత నీళ్లను బయటికి తీసే మొదటి డ్రెయిన్‌ను బటన్ నొక్కి దాటేయొద్దు. పాత నీళ్లు లోపల ఉండగానే కొత్తవి ఎక్కితే పొట్ట బిగుసుకుని ఆయాసం వస్తుంది. అలా అనిపించిన వెంటనే ఫిల్ (నీళ్లు నింపడం) ఆపి డ్రెయిన్ చేయాలి, తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

9. షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్త. బ్యాగుల్లోని చక్కెర ఇప్పుడు రాత్రి ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి ఇన్సులిన్ వేళలు, మోతాదు డాక్టరు మార్చాల్సి రావచ్చు. పగటి బ్యాగు ఐకోడెక్స్‌ట్రిన్ రకం అయితే కొన్ని గ్లూకోమీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ అంకె చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ వేస్తే ప్రాణానికే ముప్పు. మీ మీటర్ సరిపోతుందో లేదో ఆసుపత్రిలో అడగండి. ఆ బ్యాగు ఆపినా రెండు వారాల దాకా ఈ తేడా ఉండొచ్చు.

10. తిండిలో ప్రోటీన్ తగ్గకూడదు, డయాలసిస్ నీళ్లతో రోజూ కొంత పోతూనే ఉంటుంది. గుడ్డు తెల్లసొన దీనికి చవకైన దారి. ఉప్పు, ఊరగాయ తగ్గించండి.

11. పెళ్లికో, పెనుకొండ బాబయ్య ఉరుసుకో చుట్టాలింటికి వెళ్తే మిషన్ మోసుకెళ్లక్కర్లేదు. డాక్టరును అడిగి ఆ రెండు రోజులు చేతి బ్యాగులకు మారండి.

12. పొద్దున్నే మిషన్ చూపిన యూఎఫ్ అంకె (ఒంట్లోంచి తీసిన అదనపు నీటి లెక్క), బరువు, బీపీ పుస్తకంలో రాయాలి. గొట్టం నేరుగా బాత్‌రూమ్‌కు పోతుంటే నీళ్ల రంగు ఎవరూ చూడరు, మిషన్ పద్ధతిలో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. రోజూ గొట్టం వెనకో బ్యాగు వెనకో దినపత్రిక పట్టి చూడండి. అక్షరాలు మసకగా కనబడినా, కడుపు నొప్పి, జ్వరం వచ్చినా ఆ బ్యాగును పారబోయకుండా వెంట తీసుకుని అనంతపురమో బెంగళూరో, మీ కిడ్నీ డాక్టరు ఎక్కడుంటే అక్కడికి అదే రోజు బయల్దేరండి. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.