ముందు నాటకం పట్టుకో

మేనకోడలికి,

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్‌కు దరఖాస్తు పెట్టాలా, థియేటర్ ఆర్ట్స్‌కు పెట్టాలా అని అడిగావు. రెండు విభాగాలూ అక్కడ సరోజినీ నాయుడు స్కూల్లోనే ఉన్నాయి. ఎటు వెళ్లినా రెండోది కళ్ల ముందే ఉంటుంది కాబట్టి తేల్చుకోవడం నీకు మరీ కష్టమైంది. ఇంట్లో మీడియా అంటే సరే అంటున్నారు, నాటకం అంటే ముఖం ముడుచుకుంటున్నారు. నా మాట మొదటే చెప్పేస్తాను: థియేటర్‌లో చేరు, మీడియాను అక్కడ ఉండగానే నేర్చుకో. నాటకం పదిమంది మధ్య, నెలల తరబడి, చేసి చెరిపి మళ్లీ చేస్తే తప్ప ఒంటబట్టదు. కెమెరా, ఎడిటింగ్ వంటివి అవసరం పడ్డప్పుడు ఏ వయసులోనైనా పట్టుబడతాయి. యూనివర్సిటీ ఇచ్చే రెండేళ్లు ఇంకెక్కడా దొరకవు కాబట్టి వాటిని నాటకం మీద పెట్టమంటున్నాను.

మీడియా పనిముట్లు ఎంత త్వరగా మారిపోయాయో మనవాళ్ల అనుభవంలోనే చూడు. 1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది, 1948లో విజయవాడ కేంద్రం వచ్చింది. 1975-76లో సైట్ ప్రయోగం కింద మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల పల్లెలకు ఉపగ్రహం నుంచి టీవీ కార్యక్రమాలు నేరుగా అందాయి. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి, 2004 నాటికి ఇరవైనాలుగు గంటల వార్తా చానళ్లు, ఇప్పుడు అందరి చేతుల్లో ఫోను. రేడియోలో టేపును బ్లేడుతో కోసి అతికించడంలో ఆరితేరినవాళ్ల పనితనం కంప్యూటర్ రాగానే అక్కరకు రాకుండా పోయింది. ఆ టేపు మీద ఏ మాట ఉంచాలో, ఎక్కడ ఊపిరి తీసుకోనివ్వాలో తెలిసినవాళ్ల పనితనం ఈ రోజుకీ పనికొస్తోంది. అది ఎక్కడ అబ్బుతుంది అన్నదే నువ్వు అడగవలసిన ప్రశ్న.

గొల్లపూడి మారుతీరావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివింది సైన్సు. కానీ అక్కడ కె.వి. గోపాలస్వామి గారు పెంచిన నాటక వాతావరణం ఉండేది, విద్యార్థిగానే ఆయన నాటకాలాడారు. ఆ తర్వాత పత్రికలో పనిచేశారు, ఆకాశవాణిలో చేశారు, 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి'తో సినిమా రచయిత అయ్యారు, 1982లో 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'తో నటుడయ్యారు. ఆయన నాటకం 'కళ్ళు' 1988లో ఎం.వి. రఘు గారి దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. ఒక్కరిని చూపించి సూత్రం చెప్పేస్తే ఎలా అంటావేమో. 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలిని చూడు. అందులో పనిచేసిన డాక్టర్ గరికపాటి రాజారావు గారు 1953లో 'పుట్టిల్లు' తీసి జమునను, అల్లు రామలింగయ్యను తెరకు పరిచయం చేశారు. ఊళ్లలో జనం ముందు ఆడి, ఎక్కడ నవ్వుతున్నారో ఎక్కడ లేచిపోతున్నారో కళ్లారా చూసిన ఆ మనుషులకు కొత్త మాధ్యమం వచ్చినప్పుడల్లా ఓనమాలు దిద్దుకోవలసిన పని పడలేదు.

ఇది గాల్లో చెప్పే మాట కాకుండా ఒక సన్నివేశం దగ్గరకు వెళ్దాం. 'కన్యాశుల్కం' నాటకం చివర వేశ్య మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వస్తుంది. వచ్చింది ఎవరో ప్రేక్షకులకు తెలుసు, పంతులుకు తెలియదు. వేశ్యలను దగ్గరకు రానివ్వనని పట్టుబట్టిన మనిషి ముందు కూర్చుని ఆమె మాట్లాడుతుంది. ఆ వేషం నీకిచ్చారనుకో. మగ గొంతు పెట్టాలి, కానీ అది ఆడమనిషి పెట్టిన మగ గొంతని చివరి వరసలో కూర్చున్నవాడికి అందాలి, రెండడుగుల దూరంలో ఉన్న పంతులుకు అందనట్టు ఉండాలి. వాక్యం చివర గొంతు దిగిపోతే వెనక వరసలకు మాట చేరదు, పెంచితే వేషం బయటపడుతుంది. వారం రోజులు కుస్తీ పడితే గానీ ఆ ఒక్క వాక్యం కుదురుకోదు. ఇప్పుడు అదే సన్నివేశాన్ని రేడియోకు చెయ్యి. మైకు నోటికి జానెడు దూరంలో ఉంటుంది, వేషం ఎవరికీ కనిపించదు, కాబట్టి మారువేషమంతా ఊపిరిలో, విరుపులో చూపించాలి. తర్వాత కెమెరా ముందు క్లోజప్‌లో చెయ్యి. గొంతు దాదాపు మామూలుగా ఉంచి, పంతులు తల తిప్పినప్పుడు మాత్రం కళ్లలో మధురవాణి కనిపించాలి. మూడుచోట్లా మారింది దూరం ఒక్కటే. ఎవరికి ఏం తెలుసు, ఎవరి దగ్గర ఏం దాస్తున్నాం, దాచింది ఎప్పుడు తెరవాలి అన్న లెక్క ఏమీ మారలేదు. ఆ లెక్క వచ్చినవాళ్లకు దూరం సర్దుకోవడం కొద్దికాలం పని. మైకు వాడకం, కెమెరా కోణాలు మాత్రమే నేర్చినవాళ్లకు ఈ లెక్క ఎవరు నేర్పుతారు? ఒక డాక్యుమెంటరీలో ఏ సాక్షిని ముందు మాట్లాడించాలో, ఏ వివరం చివరిదాకా ఆపాలో తేల్చుకునేటప్పుడు కూడా ఇదే కావాలి.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. మీడియా చదువంటే పనిముట్లేనా, చానల్ యజమాని ఎవరో చూడటం, వార్తను నిర్ధారించుకోవడం, పరువునష్టం చట్టం, జనాభిప్రాయం తయారయ్యే తీరు ఇవన్నీ అందులో లేవా? ఉన్నాయి. అవి తెలియకుండా మాట్లాడటం మాత్రమే వచ్చినవాళ్లు ప్రమాదకరం కూడా. అందుకే పక్క విభాగాన్ని వదలొద్దంటున్నాను. అక్కడి ఎలక్టివ్ ఏది తీసుకోనిస్తే అది తీసుకో, సెమినార్లకు వెళ్లి కూర్చో. క్యాంపస్‌లో 90.4 మీద 'బోల్ హైదరాబాద్' రేడియో ఉంది, 2011 నుంచీ నడుస్తోంది. దాని గుమ్మం ఎక్కడానికి మొహమాటపడకు. ఆ విషయాలు పుస్తకం, చర్చ, మంచి గురువు ఉంటే చాలావరకు వస్తాయి. రిహార్సల్ మాత్రం పుస్తకంలో రాదు. ఇక పనిముట్ల మాటకొస్తే, పరిశ్రమే వాటిని నేర్పుకుంటోంది. ఈనాడు జర్నలిజం స్కూలు ఏ డిగ్రీ చదివినవాళ్లనైనా పరీక్ష పెట్టి ఎంచుకుని, భృతి ఇచ్చి శిక్షణ ఇస్తూ వచ్చింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియోను చూడు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళలు, బడి ముఖం పెద్దగా చూడనివాళ్లు, మైకులూ మిక్సర్లూ నేర్చుకుని తమ విత్తనాల గురించి, పంటల గురించి, పాటలతో కథలతో ప్రసారాలు చేస్తున్నారు. యంత్రం వాళ్లకు అడ్డం కాలేదు. ఎవరికి చెబుతున్నామో, ఎలా చెబితే వింటారో వాళ్లకు ముందే తెలుసు.

'మరి సురభివాళ్లకు డిగ్రీలున్నాయా?' అని మీ నాన్న అడుగుతాడు. లేవు. 1885లో కడప జిల్లా సురభిలో 'కీచక వధ'తో మొదలైన ఆ నాటక కుటుంబాలు పిల్లల్ని రంగం మీదే పెంచాయి. నీకు ఆ పుట్టుక లేదు కదా తల్లీ! రోజూ సాయంత్రం పెద్దవాళ్ల పక్కన తెర వెనక నిలబడే అవకాశం ఇంట్లో దొరకనివాళ్లకు దాన్ని ఇవ్వగలిగింది యూనివర్సిటీ ఒక్కటే. పైగా సురభివాళ్లు కూడా బయటి చదువును కాదనలేదు. బి.వి. కారంత్ వాళ్లతో పనిచేసి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' చేయించారు, ఈ చివరిది బ్రెహ్ట్ నాటకానికి అనుసరణ. ఆ కారంత్ ఎవరు? చిన్నప్పుడు గుబ్బి వీరణ్ణ కంపెనీలో పెరిగి, కాశీలో ఎం.ఏ. హిందీ చదివి, ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో శిక్షణ పొంది, తర్వాత దానికే డైరెక్టరయిన మనిషి. సినిమాకు వెళ్లి తీసిన 'చోమన దుడి'కి 1975 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. కంపెనీ నాటకమూ, చదువూ ఆయనలో ఒకదానికొకటి అడ్డం రాలేదు.

చదువు మనిషిలోని సహజత్వాన్ని చంపేస్తుందన్న భయంలో మాత్రం నిజం ఉంది. హబీబ్ తన్వీర్ లండన్‌లో చదువుకుని వచ్చి ఛత్తీస్‌గఢీ నాచా కళాకారులతో పనిచేస్తూ, మొదట్లో వాళ్లను హిందీలో మాట్లాడించారు, గీత గీసినట్టు రంగం మీద కదలమన్నారు. వాళ్లు బిగుసుకుపోయారు. లోపం వాళ్లలో లేదని గ్రహించి, వాళ్ల భాష వాళ్లకు వదిలేశాకే 1975 నాటి 'చరణ్‌దాస్ చోర్' వంటివి పుట్టాయి. నీ తరగతిలో స్తానిస్లావ్‌స్కీ, బ్రెహ్ట్ గురించి వింటావు, బాగా చదువు. అయితే నీ నోటి తెలుగును, మీ ఊరి యాసను సరిచేసుకోవలసిన తప్పుగా ఎవరన్నా చూస్తే ఒప్పుకోకు.

మీ నాన్న అసలు బెంగ ఉద్యోగం గురించి. ఆ బెంగ అబద్ధం కాదు. నెల తిరిగేసరికి జీతమిచ్చే నాటకం ఉద్యోగాలు మన వైపు తక్కువ, స్కూళ్లలో నాటకం టీచరు పోస్టులు అరుదు. యూజీసీ నెట్‌లో నాటకం ఒక సబ్జెక్టుగా ఉంది, అది రాస్తే బోధనకు దారి ఉంటుంది. డబ్బింగ్, ఆడియో కథలు, దర్శకత్వ శాఖ, ప్రకటనలు, సీరియళ్ల రచన వంటివన్నీ పనిని బట్టి కూలి ఇచ్చేవే. మొదటి మూడు నాలుగేళ్లు ఇబ్బంది తప్పదని ఇప్పుడే ఇంట్లో చెప్పు, ఖర్చుల లెక్క కాగితం మీద వేసి చూపించు. మీడియా డిగ్రీ ఉన్నా ఆ తొలి సంవత్సరాలు తేలిగ్గా గడవవని కూడా చెప్పు. ఈ రెండు చదువుల మధ్య తేడా ఉద్యోగ భద్రతలో వాళ్లు అనుకుంటున్నంత లేదు.

మీ అమ్మ పైకి అనకపోయినా, రాత్రి రిహార్సళ్లు, ఆడపిల్ల అన్నదే ఆమె మనసులో ఉన్నది. ఆమె భయానికి కారణాలున్నాయి. కానీ అదే భయం ఆమెను యూనివర్సిటీ వైపు మొగ్గేలా చెయ్యాలి. లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం, 2015 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి విశ్వవిద్యాలయంలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. హాస్టలుంది, తోటి విద్యార్థులున్నారు, తప్పు జరిగితే ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలుస్తుంది. ఏ చదువూ లేకుండా నేరుగా ఆఫీసుల చుట్టూ ఆడిషన్లకు తిరిగే పిల్లకు ఇవేవీ చేతిలో ఉండవు. చేరిన వారంలోనే ఆ కమిటీలో ఎవరున్నారో కనుక్కుని పేర్లు అమ్మకు పంపు.

చేరాక ఒక్క విషయం గుర్తుపెట్టుకో: వేషాల కోసమే ఎగబడకు. మొదటి ఏడు కనీసం ఒక నాటకానికి లైట్లు చెయ్యి, ఇంకోదానికి స్టేజి మేనేజరుగా ఉండు. ఎవరు ఎప్పుడు రావాలో, ఏ వస్తువు ఎక్కడుండాలో, ఏ మాటకు ఏ దీపం మారాలో స్క్రిప్టు అంచున రాసుకుని ప్రదర్శన మొత్తం నడిపినవాళ్లకు స్టూడియోలో లైవ్ కార్యక్రమం కొత్తగా ఉండదు. నటించడం కంటే కూడా ఈ పని నీకు ఎక్కువ కాలం అన్నం పెట్టవచ్చు.

ప్రవేశ పరీక్షకు ఇంకా టైముంది. ఈలోగా 'కన్యాశుల్కం' 1909 నాటి రెండో కూర్పు తెచ్చుకుని మొత్తం పైకి చదువు, మీ తమ్ముణ్ణి గది అవతలి మూల కూర్చోబెట్టి వినిపించు. వాడికి ఏ మాట అందలేదో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకో. మీ దగ్గర్లో నాటక పరిషత్తు పోటీలు జరిగితే అన్ని రాత్రులూ కూర్చుని చూడు. ఆడిషన్‌కు ఏ సన్నివేశం ఎంచుకున్నావో, ఎందుకో నాకు రాయి. మధురవాణే కావాలని లేదు, బుచ్చమ్మ అయినా, మీనాక్షి అయినా సరే.

— మామయ్య