ఆవాసాల మధ్య వనరుల పంపకం

వీడియో క్రీడ అనగానే కాలక్షేపమని తలచి పాఠకులు పుట తిప్పవద్దని మా మనవి. 2015 నవంబరులో బెథెస్డా సంస్థ వెలువరించిన 'ఫాలౌట్ 4' యందు అర్థశాస్త్ర విద్యార్థులు ఆలోచించదగిన సమస్య ఒకటి గలదు. అణుయుద్ధంలో శిథిలమైన బోస్టన్ పరిసరాలలో, 2287వ సంవత్సరంలో కథ నడుస్తుంది. ఆటగాడు ఊళ్లు నిలబెట్టి, వచ్చి చేరినవారికి తిండి, నీరు, పడక, రక్షణ సమకూర్చాలి. తలకు ఒక పాలు ఆహారం, ఒక పాలు నీరు కావాలి. ఒక మనిషి ఆరు పాళ్ల పంటను సాకగలడు.

అయితే ఏ ఊరి సరుకు ఆ ఊరి పనిబల్లలోనే ఉంటుంది. ఒకచోట ఉక్కు గుట్టలుగా పడియుండగా పొరుగూరిలో గోడ లేవదు. దీనికి విరుగుడు సరఫరా మార్గం. 'కరిస్మా' గుణం 6కు చేరిన పిదప 'లోకల్ లీడర్' అను సామర్థ్యం పొందవచ్చును. అప్పుడు ఒక నివాసిని మరొక ఊరికి నియమిస్తే, అతడు రెండు తలల ఆవుపై మూటలు వేసి ఆ ఊళ్ల నడుమ ఎడతెగక నడుస్తాడు. మనిషి ఒక్కడే అయినా దీనిని ఖాఫిలా అనవచ్చును.

కలిసేది ముడిసరుకు, మిగులు తిండి, నీరు మాత్రమే. ఆయుధాలు, పడకలు, రక్షణ ఏ ఊరివి ఆ ఊరికే. విచిత్రమేమనగా, పొరుగూరి ఉక్కు మన పెట్టెలో కనబడదు. కట్టేటప్పుడు మాత్రం లెక్కకు వస్తుంది. ఒకటి రెండవదానితో, రెండవది మూడవదానితో కలిస్తే మొదటిదీ మూడవదీ కలిసినట్లే. కనుక పది ఊళ్లకు తొమ్మిది మార్గాలు చాలును.

మేము తొలుత వాయవ్యాన ఉన్న శాంక్చువరీ మొదలు ఆగ్నేయాన ఉన్న కాజిల్ వరకు ఊళ్లను దండవలె గుచ్చితిమి. నడుమ ఒక ఊరిలో ఖాళీగా తిరుగుతున్నాడనుకొని ఒకనిని పొలంపనికి పెట్టితిమి. అతడే ఖాఫిలా మనిషి! దండ తెగినది. కాజిల్‌లో కలప లేదని చాలాసేపు వెదకి, చివరకు పటంలో గీతలు చూచి తప్పు గ్రహించితిమి.

పిదప అన్ని ఊళ్లను ఒక కేంద్రానికే కలిపితిమి. ఒక గీత పోయినా ఒక ఊరే వేరవుతుంది. మనుషులను కేంద్రం నుండే పంపరాదు. నడిచేవాడు బయలుదేరిన ఊరి జనాభాలోనే లెక్క. ఆ జనాభాకు పదికి కరిస్మాను కలిపినంతే పరిమితి. ఊరికొకరిని తీసుకుంటే ఒక్కొక్క ఊరు ఆరు పాళ్ల పంట కోల్పోతుంది. చిన్న ఊళ్లకు ఇది భారమేనని మాలో కొందరి వాదం. ఆ తగవు ఇంకను తీరలేదు. ఖాఫిలా వారందరికీ ఒకే రకం టోపీ తొడిగించుటకు మాత్రం అందరమూ అంగీకరించితిమి.