చూచి దాటిపోవువాడు, చూచి నిలుచువాడు

పాఠ్యభాగము: లూకా 10:25–37



మంచి సమరయుని ఉపమానమును మనము అనేకసారులు వినియున్నాము. ఈ నెల అందులోని ఒక చిన్న మాటను ధ్యానింతము. ఆ మాట “చూచి” అనునది. యెరికో దారిలో గాయములతో పడియున్నవానిని యాజకుడు చూచెను, లేవీయుడు చూచెను, సమరయుడును చూచెను. ముగ్గురికిని కన్నులున్నవి. అయితే చూచిన తరువాత ఇద్దరు దాటిపోయిరి, ఒకడు నిలిచెను.

మన కాలములో చూచుటయందు మిక్కిలి ఆసక్తిగలవారు ఫోటోలు తీయువారు. విశాఖపట్నములోని జాలరిపేట తీరమున, తెల్లవారి పడవలు ఒడ్డుకు చేరు వేళ, కెమేరా పట్టుకొని నిలిచిన ఒక పైఊరి మనుష్యుని తలంచుకొనుడి. అతనికి కొంచెము దూరమున జాలరి యింటి కుర్రవాడొకడు తన సెల్‌ఫోనుతో అదే సూర్యోదయమును తీయుచున్నాడు. వీరు ఒకరినొకరు ఎరుగరు. కులము వేరు, చదువు వేరు, కలిమి వేరు. అయినను ఇద్దరికిని వెలుగుమీద ప్రేమ ఒక్కటే. ఆ ప్రేమ వారిని పొరుగువారినిగా చేయునా? లేక ఎవరి ఫోటో వారు తీసికొని దాటిపోవుదురా?

చూచి దాటిపోవుట ఎంత దుఃఖకరమో చరిత్రలో చూడవచ్చును. 1876–78 సంవత్సరములలో మదరాసు ప్రెసిడెన్సీలో మహాకరవు వచ్చి, మన రాయలసీమ ప్రజలు మిక్కిలి నలిగిరి. అప్పుడు డబ్ల్యూ. డబ్ల్యూ. హూపర్ అను సైనికాధికారి, ఎముకల గూళ్లవలె నున్న పెద్దలను, బిడ్డలను కూర్చుండబెట్టి ఫోటోలు తీసెను. అవి నేటికిని ఆ ఘోరమునకు సాక్ష్యముగా మిగిలియున్నవి. ఆ మేలును మనము కాదనరాదు. అయితే ఫోటో తీసెనే గాని వారికి సహాయము చేయలేదను నింద ఆయనమీద పడెను. ఆ నిందను చదువునప్పుడు యెరికో దారి మనకు జ్ఞాపకము రాకపోదు.

ఇక చూచి నిలిచినవారి సంగతి వినుడి. సముద్రము ఒడ్డున కాపురముండువారికి ఇది బాగుగా బోధపడును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖతీరమును కొట్టిన దినమును వారు మరచిపోలేరు. వేటకు వెళ్లి తిరిగిరానివాని యింట, గోడమీది ఒక్క ఫోటోయే అతని ముఖము. అది నీటిపాలైన, బిడ్డలు తండ్రిని రెండవసారి పోగొట్టుకొనినట్లే.

2011 మార్చి 11న జపాను దేశములో భూకంపము కలిగి, సముద్రము పొంగి అనేక గ్రామములను తుడిచివేసెను. శిథిలములలో వెదకిన సైనికులు, అగ్నిమాపకులు బురదలో దొరకిన ఫోటోలను, ఆల్బములను పారవేయక ప్రక్కనుంచిరి. మియాగి ప్రాంతములోని యమామోతో అను ఊరిలో దాదాపు 7,50,000 ఫోటోలు పోగైనవి. వాటిని బాగుచేయుటకు స్వచ్ఛందముగా పనిచేయువారు వచ్చిరి. ఫోటోకాగితముపై జెలటిన్ అను పలుచని పొర యుండును. బొమ్మ ఆ పొరలోనే నిలుచును. ఉప్పునీరు, బురద, సూక్ష్మక్రిములు దానిని కరగించివేయును. గాన వారు ఒక్కొక్క ఫోటోను నీటిలో మెల్లగా కడిగి, ఆరగట్టి, పోగొట్టుకొనినవారు వెదకి గుర్తుపట్టుటకై దానిని మరల కెమేరాతో తీసి భద్రపరచిరి. అనేక ఫోటోలు తిరిగి తమ యిండ్లకు చేరినవి. తాము ఎన్నడును చూడని పెండ్లికుమార్తె ముఖమును, ఎరుగని తాత ముఖమును స్వంతవారి ముఖమువలె ఆ చేతులు కడిగెను. ఇది సమరయుడు నూనెయు ద్రాక్షారసమును పోసిన పని కాదా?

ప్రియులారా, దీనినుండి మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, అడుగుట. వల బాగుచేసికొనుచున్న అన్నను, గంప మోయుచున్న అక్కను తీయుటకు ముందు వారి సెలవు అడుగుడి. మనకు ఇతరులు ఎట్లు చేయవలెనని కోరుదుమో అట్లే మనము వారికి చేయవలెనని ప్రభువు నేర్పెను (మత్తయి 7:12).

రెండవది, తిరిగి ఇచ్చుట. తీసిన ఫోటోను కాగితముపై అచ్చువేయించి ఆ యింటికి చేర్చుడి. మీకది అనేకములలో ఒకటి. వారికది తరతరముల ఆస్తి కావచ్చును.

మూడవది, నేర్పుట, చేర్చుకొనుట. వెలగల కెమేరా గలవాడు కుర్రవానికి వెలుగును గూర్చి తెలిసినది చెప్పవలెను. కుర్రవాడు, ఏ రాతిమీద అల ప్రమాదమో పైఊరివానికి చెప్పవలెను. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన పౌలును, అతనితో నున్నవారిని మెలితే ద్వీపవాసులు వానలో, చలిలో నిప్పు రాజబెట్టి చేర్చుకొనిరి (అపొ. కార్యములు 28:2). తీరవాసుల ఆతిథ్యము ఆనాటినుండియు గ్రంథమందు వ్రాయబడియున్నది.

మన గ్రామమునకును క్రొత్తవారు వత్తురు. కెమేరా మనకు లేకపోవచ్చును, కన్నులున్నవి గదా. ఈ వారము మీరు చూచిన పరాయివాడెవడు? చూచి దాటిపోతిరా, నిలిచితిరా? ఇంటిలో ప్రార్థనకు కూడినప్పుడు ఈ ప్రశ్నను ఒకరినొకరు అడుగుకొనుడి. చూచి కనికరించు కన్నులను ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.