లెన్సు కన్నా ముందు ఎండ



రామప్ప గుడి ఫొటోలకు ఏ లెన్సు తీసుకెళ్లాలని అడిగావు. లెన్సు సంగతి తర్వాత చూద్దాం. ఏ నెలలో, ఏ గంటకు వెళ్లాలో ముందు తేల్చుకో. అనుభవమున్న ఫొటోగ్రాఫర్లు రెక్కీ అనేది ఈ పనినే.

పాలంపేటలో కాకతీయుల కాలాన, 1213లో, రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి తూర్పు ముఖంగా ఉంటుంది. గోడలు ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద నిలిచిన మదనికలనే స్త్రీమూర్తులు మాత్రం నున్నటి నల్లరాయి. ఎండ నడినెత్తికొస్తే చూరు నీడ సరిగ్గా ఆ బొమ్మల మీదే పడుతుంది. ఎండ ఏటవాలుగా తగిలితేనే నగల చెక్కుడు, ఒంటి వంపు తేటపడతాయి. అందుకే తూర్పు వాకిలి పనంతా పొద్దు పొడిచిన తొలి గంటల్లోనే ముగించాలి.

ఉత్తరం వైపు కథ వేరు. డిసెంబరు చివర అక్కడ సూర్యుడు కచ్చితమైన తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు, జూన్‌లో అంతే ఉత్తరంగా. కాబట్టి చలికాలమంతా ఉత్తరపు గోడకు నేరుగా ఎండే తగలదు. మే మధ్య నుంచి జూలై చివరి దాకా మాత్రం మధ్యాహ్నం సూర్యుడు కూడా ఉత్తరానికే వాలి ఉంటాడు. ఈ తేడా తెలియని మనిషి జనవరిలో వెళ్లి, ఉత్తరపు బొమ్మలు మసగ్గా వచ్చాయని కెమెరాను తిట్టుకుంటాడు.

ఈ లెక్కలు ఎంత కచ్చితమో చెప్పే ఉదంతం ఒకటుంది. అమెరికాలో యోసెమిటీ లోయ అంచున, గ్లేసియర్ పాయింట్ నుంచి ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ ఒక చంద్రోదయాన్ని ఫొటో తీశాడు. అది ఎప్పటిదో చాలాకాలం స్పష్టంగా తెలియలేదు. టెక్సస్ ఖగోళ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ ఓల్సన్ బృందం చంద్రుడి స్థానాన్నీ కొండల మీది నీడలనూ బట్టి, అది 1948 సెప్టెంబరు 15 సాయంత్రం అని తేల్చింది. అంతటితో ఆగలేదు. 19 ఏళ్ల చాంద్ర చక్రాలు మూడు తిరిగాక, 2005లో అదే తేదీన అదే దృశ్యం మళ్లీ కనిపిస్తుందని చెప్పింది. ఆ సాయంత్రం వందలమంది అక్కడ చేరి కళ్లారా చూశారు. ఇప్పుడు ఫొటోపిల్స్ లాంటి యాప్ నీ ఫోన్‌లోనే సూర్యచంద్రుల దారిని ఏ తేదీకైనా గీసి చూపిస్తుంది.

అయితే యాప్‌కు తెలియనివి చాలా ఉన్నాయి. ఏ చెట్టు కొమ్మ అడ్డొస్తుందో, ఎక్కడ కొత్తగా పరంజీ కట్టారో, రామప్ప చెరువులో నీళ్లెంత ఉన్నాయో అక్కడికి వెళ్తేనే తెలుస్తుంది. పూజారినీ, కాపలా మనిషినీ, టీ కొట్టు ఆయననూ పలకరించు. రద్దీ ఏ వేళకు పలచబడుతుందో వాళ్లు చెప్పగలరు. రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే మేడారం జాతర రోజుల్లో ములుగు దారులన్నీ జనంతో నిండిపోతాయి. శివరాత్రికి గుడి నిండా భక్తులుంటారు. నీకు కావలసింది జనమా, రాయా అన్నది ముందే నిర్ణయించుకో.

ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలి, అది ముందుగానే అడుగు. డ్రోన్ ఆలోచన ఉంటే, ఎక్కడ ఎగరనిస్తారో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన కట్టడం అది, నిబంధనలను తేలిగ్గా తీసుకోకు.

తొలిసారి ట్రైపాడ్ లేకుండా, ఫోనూ నోటుబుక్కూ చాలనుకుని వెళ్లు. తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా గుడి చుట్టూ తిరుగుతూ, ఏ బొమ్మ మీదికి ఎన్నింటికి ఎండ వచ్చిందో, ఎన్నింటికి పోయిందో రాసుకో. ఆ కాగితం నాకు పంపు. లెన్సు మాట అప్పుడు మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న