డిగ్రీ లేకుండా ఐటీ సపోర్ట్‌లోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది అరకులోయ. ఇంటర్‌తో చదువు ఆపేసి, ఇంటర్నెట్ సెంటర్‌లో కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేస్తున్నాను. డిగ్రీ లేకుండా ఐటీ సపోర్ట్ ఉద్యోగం వస్తుందా?

జవాబు: ప్రైవేటులో అవకాశం ఉంది, ప్రభుత్వంలో కష్టం. 2019లో గ్రామ సచివాలయాల డిజిటల్ అసిస్టెంట్ పోస్టులకు డిప్లొమానో డిగ్రీనో అడిగారు. అలాంటిచోట ఎంత పనితనం ఉన్నా దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. చిన్న కంపెనీలు మాత్రం పని చేసి చూపించమంటాయి. పిడుగుల వానకు నెట్ పోతే ముందు కేబుల్, పోర్టు లైటు, తర్వాత ఐపీ అడ్రస్, చివరికి డీఎన్ఎస్ వరసగా చూడగలిగితే ఇంటర్వ్యూ సగం గట్టెక్కినట్టే. బాగుచేసినవి తేదీలవారీగా రాసి పెట్టుకోండి. యజమాని దగ్గర అనుభవ పత్రం తీసుకోండి. పని మానకుండానే ఇగ్నోలో మూడేళ్ల బీసీఏలో చేరండి. ఇంటర్ అర్హత చాలు. ఉద్యోగం అనుభవంతో దొరకొచ్చు, ప్రమోషన్‌కు మాత్రం పట్టా అడుగుతారు.