సోది అంటే ఏమిటి?

ఈసారి మన గోడపత్రికలో ఒక మాట గురించి రాస్తున్నాను. అది మన హాస్టల్లో రోజూ వినపడేదే.

ఇప్పటి అర్థం: సినిమాలో తల్లీకొడుకులు పట్టుకుని చాలాసేపు ఏడిస్తే "సెంటిమెంటు సోది" అంటాం. ఎవరన్నా ఇంటిమీద బెంగతో చెప్పిందే చెప్తుంటే "సోది ఆపవే" అంటాం. విసుగు పుట్టించే మాట, అతి ఏడుపు మాట అని అర్థం. "సుత్తి" దీనికి చుట్టమే. అది 1982లో జంధ్యాల గారు తీసిన నాలుగు స్తంభాలాట సినిమాతో ఊరూరా పాకింది. అందులో నటించిన వీరభద్రరావు గారికి, వేలు గారికి సుత్తి ఇంటిపేరు అయిపోయింది. సోది మాత్రం సినిమాలో పుట్టలేదు.

పుట్టుక: సోది, సోదె ఒకటే. సోదె అంటే ఎరుక చెప్పడం. ఎరుకలవాళ్లు మనలాగే గిరిజనులు. వాళ్ల భాషలో తమను కుర్రు అని చెప్పుకుంటారు. బుట్టలు అల్లేవాళ్లు, పందులు మేపేవాళ్లు. ఆడవాళ్లు చంకన బుట్టతో "సోదె చెప్తానమ్మా సోదె" అంటూ ఊళ్లు తిరిగేవాళ్లు. చెయ్యి పట్టుకుని, దేవతల్ని తలుచుకుని, రాగం తీసి చెప్పేవాళ్లు. వేంకటేశ్వరస్వామి కథలో శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం కట్టి, పద్మావతి మనసులో ఉన్నది వాళ్లమ్మకు చెప్తాడు.

అర్థం ఎందుకు మారింది: సోదె పొడుగ్గా సాగుతుంది. నమ్మినవాళ్లకు ఓదార్పు, నమ్మనివాళ్లకు విసుగు. అందుకే సాగదీసే మాటలన్నిటికీ ఆ పేరు వచ్చిందని నాకనిపిస్తుంది.

జోస్యం నిజం కాదని సైన్సు సారు చెప్తారు. సరే. కానీ ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని ఆడమనిషి సోదెమ్మ ముందు కూర్చుని ఏడ్చేది. "సోదెకు పోతే పాత తప్పులు బయటపడ్డట్టు" అని సామెత కూడా ఉంది. అంటే సోదె లోపల ఉన్నదాన్ని బయటికి తెచ్చే మాట. ఇప్పుడు అదే మాటతో బాధ చెప్పుకునేవాళ్ల నోరు మూయిస్తున్నాం! పైగా మన పక్క మంచం మీద ఎరుకల పిల్ల ఉంటే, అది వాళ్ల అమ్మమ్మ చేసిన పని పేరు. ఆ పిల్లకు అది తిట్టులాగ వినపడదా?

సినిమా బాగోకపోతే బాగోలేదని చెప్పండి. కొత్తగా చేరిన చిన్నపిల్ల రాత్రిపూట ఇల్లు గుర్తొచ్చి ఏడిస్తే మాత్రం సోది అనకండి. పక్కన కూర్చుని కాసేపు వినండి.

మీకు పని: మీ ఊళ్లో సోదె చెప్పేవాళ్లను ఏమని పిలుస్తారు? సెలవులకు పోయినప్పుడు పెద్దవాళ్లను అడిగి రాసుకు రండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని