ఆ రాబడి ఎవరి జేబులోది? స్టేకింగ్, యీల్డ్ ఫార్మింగ్

టోకెన్లు అప్పగిస్తే రాబడి వస్తుంది కాబట్టి స్టేకింగ్‌నూ యీల్డ్ ఫార్మింగ్‌నూ చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. ఆ రాబడి ఎక్కడి నుంచి వస్తోందని అడిగితే తేడా తేలిపోతుంది. ఎథీరియం 2022 సెప్టెంబరు 15న ప్రూఫ్ ఆఫ్ వర్క్‌ను వదిలి ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌కు మారింది. వాలిడేటర్‌గా చేరాలంటే ఎథీరియం టోకెన్లయిన ఈథర్లు కనీసం 32 పూచీగా పెట్టాలి; ఇదే స్టేకింగ్. లావాదేవీలను సక్రమంగా ధ్రువీకరిస్తే కొత్తగా పుట్టే ఈథర్‌తో పాటు రుసుముల్లో కొంత దక్కుతుంది. మోసం చేస్తే పూచీలో కోత పడుతుంది. ఈ కోతే స్లాషింగ్. కాబట్టి ఇది వడ్డీ కన్నా కాపలా కూలికి దగ్గర. కొత్త టోకెన్లతో పాతవాటి విలువ పలచబడదా అన్న ఆక్షేపణ సబబే. అయితే 2021 ఆగస్టు నుంచి లావాదేవీ మూల రుసుమును దహనం చేస్తున్నందున ఆ పలచన కొంత తగ్గింది.

యీల్డ్ ఫార్మింగ్ కథ వేరు. లిక్విడిటీ పూల్‌లో (మారకానికి వాడే ఉమ్మడి నిధిలో) టోకెన్ల జంటను ఉంచితే మారకం రుసుములో వాటా వస్తుంది. 2020 జూన్‌లో కాంపౌండ్ అనే రుణ వేదిక తన కాంప్ టోకెన్లను అదనంగా పంచడంతో ఈ మోజు ముదిరింది. జంటలో ఒకదాని ధర బాగా మారితే, ఊరికే దాచుకున్నవాడి కంటే పూల్‌లో పెట్టినవాడికే తక్కువ మిగలవచ్చు, దీని పేరు ఇంపర్మనెంట్ లాస్ (పేరుకే తాత్కాలికం!). టోకెన్లను అప్పుగా ఇచ్చి రాబడి పొందే వేదికలూ ఉన్నాయి. బ్యాంకులూ అప్పుల మీద వచ్చిన దానితోనే వడ్డీ ఇస్తాయి కదా అనవచ్చు. కానీ భారతదేశంలోని బ్యాంకుల్లో 5 లక్షల రూపాయల దాకా డిపాజిట్ బీమా ఉంది. టెర్రా యూఎస్‌డీ అనే స్థిర విలువ టోకెన్ డిపాజిట్లపై సుమారు 20 శాతం రాబడి చూపిన యాంకర్ అనే రుణ వేదికకు అప్పుదారుల వడ్డీ చాలక నిల్వనిధి ఆసరా కావాల్సి వచ్చింది; 2022 మే నెలలో ఆ టోకెన్ కుప్పకూలినప్పుడు డిపాజిటర్లకు బ్యాంకుల్లో లాంటి డిపాజిట్ బీమా లేదు.